బ్రేకు మీద అత్తమ్మ కాలు

సదానందం పోయిన రోజు కానుగ పూలు రాలుతున్నాయి.

కారు బానెట్ నిండా పూలు. ఎవరూ ఊడ్చలేదు.

ఏడాది తిరిగింది. కానుగ మళ్లీ పూసింది.

బండి మాత్రం మొరాయిస్తోంది. ఇంజను అరుస్తుంది... చక్రాలు కాసేపు ఆలోచించుకుంటాయి... అప్పుడొక కుదుపుతో కదులుతుంది.

పాత బండి. క్లచ్ లేని ఆటోమేటిక్. ఎడమ కాలు బలహీనమని సదానందం ఏరికోరి తెచ్చుకున్నాడు. భార్య రమకు దాని మీదే నేర్పాడు.

పాత కార్లు కొనే గట్టయ్య నడిపి చూసి, గేరుబాక్సు పోయిందన్నాడు. తుక్కు కింద తీసుకుంటానన్నాడు.

ఈ ఆదివారం సాయంత్రం వస్తాడు.

ఆ ఆదివారం పొద్దున్నే రమ బానెట్ ఎత్తింది. ఒక్కటే ఆశ — గేరు ఆయిల్ తగ్గిందేమో. తగ్గితే పోసుకోవచ్చు. బండి ఇంట్లోనే ఉంటుంది.

డిప్‌స్టిక్ లాగింది. తుడిచింది. దించింది. మళ్లీ లాగింది.

ఆయిల్ గీత దాటి ఉంది.

"ఆయిల్ నిండుగనే ఉంది అత్తమ్మా. లోపలే పోయినట్టుంది."

గడప మీద చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న సదానందం తల్లి కట్టమ్మ తల ఎత్తింది.

"బండి బందు పెట్టి చూసినవా?"

"ఆఁ."

"వాడు ఇంజను నడుస్తుండంగనే చూసేటోడు బిడ్డా. నన్ను సీట్ల కూసోబెట్టి బ్రేకు తొక్కమనేటోడు."

రమకు అప్పుడు తట్టింది.

ఇంజను ఆయిల్ చూసినట్టే చూసింది తను. ఇంజను ఆపితే గేరు ఆయిల్ అంతా కిందికి దిగి నిండుగా కనిపిస్తుంది. ఇంజను తిరుగుతున్నప్పుడే అసలు మట్టం.

కాలనీ చుట్టూ తిప్పి బండిని వేడి చేసుకొచ్చింది. వాకిట్లో, నేల చదునుగా ఉన్నచోట ఆపింది. ఇంజను ఆపకుండా పార్కింగ్ గేరులో పెట్టింది. హ్యాండ్‌బ్రేకు లాగి పక్క సీట్లోకి మారింది.

కట్టమ్మ కొంగు బిగించి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"గట్టిగ తొక్కు అత్తమ్మా."

"తొక్కుతాన తియ్యి. మీ మామనే నలభై ఏండ్లు ఆగబట్టిన. గీ బండెంత."

రమ నవ్వింది.

రమ పక్కనుంచే గేర్లు మార్చింది. వెనక గేరు. న్యూట్రల్. ముందు గేరు. ఒక్కోచోట ఆగి, మళ్లీ పార్కింగ్‌లోకి. ప్రతిసారీ బండి ఒళ్లు విరుచుకుంది. కట్టమ్మ కాలు కదల్లేదు.

రమ దిగి డిప్‌స్టిక్ లాగింది.

కొసన మాత్రమే తడి. కింది గీతకూ చాలా కింద.

దానిమ్మ రంగు. మాడు వాసన లేదు, అంటే లోపలేమీ కాలలేదు.

ఎండలు ముదరకముందే ఏటా సదానందం కొంచెం పోసేవాడు. ఈ ఏడు పోసేవాళ్లు లేరు... అంతే.

అతను దాచిన డబ్బా అలమర కిందే ఉంది. సన్నటి గరాటుతో ఆమె కొంచెం పోసింది. చూసింది. ఇంకొంచెం పోసింది. ఎక్కువైనా చెడే. పై గీత దగ్గర చెయ్యి ఆపింది.

బానెట్ మూసి, అత్తను పక్క సీట్లోకి జరగమని, వెనక గేరు వేసింది.

పిలిచినట్టే కదిలింది బండి.

గట్టయ్యకు ఫోన్ చేసింది. "అన్నా, బండి అమ్మం."

"అదేందమ్మా, గేరుబాక్సు—"

"ఆయిల్ తక్కువైందన్నా. పోసిన. మంచిగ నడుస్తాంది."

"చాయ్ తాగిపొమ్మను," పక్కనుంచి కట్టమ్మ. "బండి మీద మాత్రం చెయ్యెయ్యొద్దను."

ఇద్దరూ వర్ధన్నపేట దాకా వెళ్లారు. కట్టమ్మ చెల్లెలింట్లో సర్వపిండి తిన్నారు. దారంతా కట్టమ్మ కుడి కాలు బ్రేకు లేని చోట తొక్కుతూనే ఉంది.

బండి ఇంట్లోనే ఉంటుంది. ఇక కాగితాల మీద పేరు రమది కావాలి.

ఇంకా సదానందం పేరే ఉంది. మార్పించడానికి రమకు మనసు రాలేదు.