కాలిన అంగుళం

కత్తెర బల్ల మీద సగం దూరం పోయాక ఇక్రాముద్దీన్ చెయ్యి ఆపి, బట్ట కింద అరచెయ్యి దూర్చి మడత సరిచేశాడు. అరబ్బులు తొడుక్కునే పొడవాటి తోబులకు వాడే తెల్లటి బట్ట. చెమట తగిలితే మరక పడుతుందని మణికట్టుకు రుమాలు చుట్టుకున్నాడు. అల్ మన్సూరాలో ఆ టైలరింగ్ షాపు అద్దాల తలుపు అవతల ఎండ కాల్చేస్తోంది. లోపల ఏసీ నీళ్లు బకెట్లో బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

అతని మెడలో రెండు టేపులు వేలాడుతున్నాయి. ఒకటి పసుపుపచ్చది, కంపెనీ ఇచ్చింది. రెండోది మట్టిరంగుకు తిరిగిన గుడ్డ టేపు. దానికి మొదటి అంగుళం లేదు. ఆ చివర నల్లగా కాలి ముడుచుకుపోయింది.

"మామా, మెడలో ఆ రెండు పాములెందుకు? ఒకదాన్ని ఇడిసిపెట్టరాదా?" అన్నాడు మిషన్ మీదనుంచి ఖాసీం. కడప జిల్లావాడు. ఇక్రాముద్దీన్ కత్తిరించింది అతను కుడతాడు.

"నీకేందిరా? అది మా అబ్బాది."

"మీ అబ్బా మంచోడే. తోబులే పొట్టిగా వస్తాండాయి."

ఇక్రాముద్దీన్ నవ్వలేదు.

ఆ టేపు నిజానికి తాత జియావుద్దీన్‌ది. కోరుట్లలో షేర్వానీలు కుట్టేవాడు. ఒకనాడు బొగ్గుల ఇస్త్రీపెట్టెలోంచి నిప్పురవ్వ పడి టేపు కొస కాలింది. కొత్తది కొనడానికి డబ్బు లేక ఆయన దానితోనే కొలిచాడు. వచ్చిన అంకెలోంచి ఒకటి తీసేస్తే సరి. ఆయన కొడుకు, అంటే ఇక్రాముద్దీన్ తండ్రి రహమతుల్లా, కొనే స్తోమత వచ్చాక కూడా దాన్ని మార్చలేదు. పక్క దర్జీలెవరైనా అడిగి పట్టుకుపోయి బట్ట పాడుచేసుకుంటే నవ్వుకునేవాడు. ఆ ఇంట్లో మగపిల్లలకు బడికన్నా ముందు వచ్చిన చదువు అదొక్కటే: ఒకటి తీసెయ్.

దుకాణం మీద ‘రహమతుల్లా అండ్ సన్స్’ అని బోర్డు ఉండేది. కూతురు రషీదా ఆ బోర్డు వెనుక, పరదా చాటున కూర్చుని కాజాలు తీసేది. కాజాలు ఆడపిల్ల పని. టేపు, కత్తెర ఆమె చేతికి ఇవ్వలేదు. ఇస్తే ఇంటి కటింగు అత్తగారింటికి పోతుందని తండ్రి భయం. పెళ్లయింది, మొగుడు పోయాడు, మళ్లీ అదే పరదా వెనక్కు వచ్చింది. ఆమె తీసిన కాజాలు ఊళ్లో పెద్దమనుషులందరి గుండెల మీదా ఉన్నాయి. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.

తండ్రి పోయాక పంచుకున్నారు. దుకాణం గది తమ్ముడు గయాజ్‌కు పోయింది. అతను బోర్డు దించేసి సెల్‌ఫోన్లు బాగుచేసేవాడికి అద్దెకిచ్చాడు. మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. రషీదా ఒక్కటే అడిగింది.

"భాయ్, టేపు నాకియ్యి."

"నీకెందుకు? కొలుసుడు నీకొస్తదా?" అన్నాడు ఇక్రాముద్దీన్. టేపు తన బ్యాగులో వేసుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం షాపు చూసుకునే బాసిత్ ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. హైదరాబాదు పిల్లవాడు, చెడ్డవాడు కాదు.

"చాచా, ఇది మూడోది. పెండ్లికొడుకు తోబ్. చీలమండ కనబడుతుందని వాపస్ ఇచ్చిండ్రు. వాళ్ల ముందర నా ముఖం ఎట్ల పెట్టుకోవాలె?"

ఇక్రాముద్దీన్ తోబును పసుపు టేపుతో కొలిచాడు. సరిగ్గా ఒక అంగుళం తక్కువ.

"మనకు వీసాలిచ్చిన కఫీల్‌కు ఇయ్యాల పేర్లు పంపాలె. ఎవరి ఐడీ రెన్యువల్ చేయాల్నో చెప్పాలె," అన్నాడు బాసిత్ గొంతు తగ్గించి. "ఒక్క తోబ్ కోసి చూపెట్టు. ఆ పాత టేపు మెడల ఉండొద్దు. మంచిగొస్తే నీ పేరు పంపుత. లేకుంటే కాజాలకు కూసో చాచా. కటింగ్‌కు వేరేటోణ్ణి పెడత."

ఇక్రాముద్దీన్ పాత టేపు తీసి గోడకున్న మేకుకు తగిలించాడు. మెడ తేలికై, ఏదోలా అనిపించింది.

కొలతకు ఖాసీం నిలబడ్డాడు. "పొట్టి చేయాకు మామా. ఇంటికాడ పిల్లను చూస్తాండారు నాకు."

భుజం మీదనుంచి మడమ దాకా పసుపు టేపు వదిలాడు. అంకె చదివాడు. సుద్దతో గీశాడు. కత్తెర ఈసారి మధ్యలో ఆగలేదు. అది బట్టలోకి పోతున్న చప్పుడు వింటుంటే, చాలా రోజుల తరువాత అతనికి ధైర్యం వచ్చింది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి ఖాసీం కుట్టడం ముగించి, తోబు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. అంచు చక్కగా పాదాల మీదికి దిగింది. బాసిత్ ముఖం విప్పారింది. "మాషా అల్లా. చూసినవా చాచా?"

ఇక్రాముద్దీన్ చూస్తున్నది అంచును కాదు. తోబు ముందు భాగం మోకాళ్ల దగ్గర కొంచెం ముందుకు పొంగి ఉంది.

"మోకాళ్లు వంచకురా," అన్నాడు.

ఖాసీం కదలలేదు.

"సీదా నిలబడు."

ఖాసీం తలవంచుకుని నిటారుగా నిలబడ్డాడు. అంచు పైకి లేచింది. రెండు చీలమండలూ బయటపడ్డాయి. బాసిత్ ఫోన్‌లోకి చూడసాగాడు.

మేకుకు వేలాడుతున్న టేపు వంక చూశాడు ఇక్రాముద్దీన్. తప్పు దానిది కాదు. అది మెడలో ఉన్నా లేకపోయినా చెయ్యి ఒకటి తీసేస్తూనే ఉంది.

కాజాల బల్ల దగ్గర కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. మొదటి కాజా ముడుచుకుపోయి, పిల్లవాడి మూతిలా వచ్చింది. రెండోదానికి సూది వేలికి గుచ్చుకుని తెల్లబట్ట మీద రక్తపు చుక్క పడింది. నలభై ఏళ్లు ఆడపిల్ల పని అని తీసిపారేసినది అతనికి రాలేదు.

సూది పక్కన పెట్టి ఇంటికి ఫోన్ చేశాడు.

"రషీదా, నేను వచ్చేస్తున్న. టేపు తెస్తున్న నీకు."

"ఇప్పుడెందుకు భాయ్? అంకెలు కానరావు నాకు. డాక్టర్ ఆపరేషన్ చేసినా లాభం లేదన్నడు." గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది. "నువ్వు మంచిగ రా."

ఫోన్ జేబులో పెట్టుకుని బాసిత్ దగ్గరికి వెళ్లాడు. "నా పేరు పంపకు బేటా. క్యాన్సిల్ చేయించు."

బాసిత్ వద్దనలేదు. అనాలని కాసేపు చూశాడంతే.

శుక్రవారం ఉదయం ఖాసీం బ్యాగు మోసుకొచ్చి టాక్సీ ఎక్కించాడు. ఆ పొట్టి తోబే తొడుక్కున్నాడు. టాక్సీ మలుపు తిరిగేటప్పుడు ఇక్రాముద్దీన్ చెయ్యి ఒకసారి మెడ దాకా వెళ్లి, ఖాళీగా కిందికి దిగింది.

మరుసటి వారం కొత్త కటింగ్ మాస్టర్ వచ్చాడు. ఇక్రాముద్దీన్ మేకు మీదే వదిలేసి పోయిన టేపు తీసి, కాలిన కొస చూసి, పారేసే పేలికల మూటకు దాన్ని బిగించి కట్టాడు. ముడిలోంచి ఆ నల్లటి కొస వేలెడంత బయటికి పొడుచుకొచ్చింది.