నువ్వున్నావుగా

స్టవ్ కట్టేశానా లేదా అన్న అనుమానం ఆమెకు రోజూ బస్సు రెండో మలుపు తిరిగాకే వస్తుంది. కట్టే ఉంటుంది. అయినా మీట తిప్పిన క్షణాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుంటుంది. పాలు పొంగి మంట ఆరిపోయినా గ్యాసు మాత్రం వస్తూనే ఉండే పాతకాలపు స్టవ్ మరి. మంట ఆరితే తనంతట తానే గ్యాసు ఆపేసుకునేవి వచ్చాయట, తెచ్చుకుందామండీ అని అడిగిన రోజు మొగుడు పేపర్లోంచి తలైనా ఎత్తకుండా నవ్వాడు. "స్టవ్‌కి కాపలా ఎందుకే, నువ్వున్నావుగా!" వెంటనే అత్తగారు అందుకుంది. "నలభై ఏళ్ళు వండాను నేను. ఏనాడైనా ఇల్లు తగలబడిందా?" ఇల్లు తగలబడలేదు, నిజమే. ఆవిడ మణికట్టు నుంచి మోచేతి దాకా పాకిన మచ్చ సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆఫీసులోనూ ఆమెది కాపలా ఉద్యోగమే. ఆసుపత్రిలో రోగి నరంలోకి మందు చుక్కచుక్కగా వదిలే మిషను ఉంటుందే, దానికి ప్రోగ్రాము రాసే చోటు అది. రాసేది ఆరుగురు మగవాళ్ళు. రాసిందంతా చదివి తప్పులేరేది ఆమె ఒక్కతే, అదీ తన పని తాను ముగించుకున్నాక. వాళ్ళు ప్రోగ్రాము రాసే కంప్యూటరు భాష పాతది, మహా మొహమాటస్థురాలు. లెక్కలు దాచుకునే గళ్ళు పదే ఉన్న చోట పదకొండో గడిలో రాసినా కిమ్మనదు, పక్కనున్న లెక్క చెరిగిపోతున్నా నోరు విప్పదు. కొత్త భాష ఒకటి వచ్చింది. తప్పు రాస్తే అది గడపలోనే నిలేస్తుంది, దిద్దుకుంటే గాని లోపలికి పోనివ్వదు. హద్దు దాటక తప్పదంటే, దాటుతున్నానని పైకి రాసి మరీ దాటాలి. కొత్త మిషనుకి అది వాడదామని ఆమె మూడు నెలలుగా చెబుతోంది.

"చేతులు కట్టేసే భాష మనకెందుకమ్మా? పనొచ్చినవాడికి జాగ్రత్త ఒకరు నేర్పాలా?" అన్నాడు సీనియరు.

"అయినా నువ్వున్నావుగా," అన్నాడు మేనేజరు, మెచ్చుకుంటున్నట్టే.

ఆ మాటకి ఒకప్పుడు కడుపు నిండేది. పోయిన మంగళవారంతో సరి. ఆ రోజు కళ్ళు వరసలు చదువుతూనే ఉన్నాయి, మనసు మాత్రం ఇంట్లో స్టవ్ దగ్గరుంది. అంతా బాగుందని రాసి పంపేసింది. మర్నాడు వేరే దానికోసం వెతుకుతుంటే కంటపడింది, పదకొండో గడి. అది చెరిపేది మందు కొలతని. అప్పటికప్పుడు దిద్దింది. తనుంది. ఉండీ చూడలేదు.

ఇవాళ మీటింగులో మేనేజరు కాగితం ముందుకు తోశాడు. పాత భాషే ఖాయం. కింద, తప్పులు చూసేవారు అన్న చోట, ఆమె పేరు ముందే అచ్చయి ఉంది. ఆమెనెవరూ అడగలేదు. ఎవరూ ఏమీ అనకపోతే ఆ చోట పడేది ఆమే, ఇంట్లోనూ అంతే. మంగళవారం సంగతి దాచకుండా చెప్పేసింది.

"ఇంకాస్త జాగ్రత్తగా ఉండాల్సిందమ్మా," అన్నాడు సీనియరు.

"ఉన్నాను సార్. ఉన్నా జారింది." పెన్ను తీసి తన పేరు కొట్టేసింది.

"మరెవరు చూస్తారు?" మేనేజరు గొంతు లేచింది.

"ఆసుపత్రి మంచం మీదున్న మనిషీ అదే అడుగుతాడు సార్."

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అంది. "రేపు కొత్త స్టవ్ వస్తోంది. వచ్చేదాకా పాతది నేను వెలిగించను."

"ఇదేం విడ్డూరమే! కాస్త జాగ్రత్తగా ఉంటే చాలదూ?" అన్నాడు మొగుడు.

ఆమె నోరు తెరవబోయింది. ఈలోగా అత్తగారు ఎవరి మొహమూ చూడకుండా, మచ్చ మీద అరచెయ్యి పెట్టుకుంది.

"ఆ రోజు నేను జాగ్రత్తగానే ఉన్నానురా."