అల్లుడుగారి ఫ్రీజర్

నా ఆదివారాలు తిన్నది తోడేలన్నయ్య. కుక్క కాదు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే చదివేవాళ్ళు నేను నోరులేని జీవం మీద పడి ఏడుస్తున్నాననుకుంటారు.

తోడేలన్నయ్య అనేది నేను పెట్టిన పేరు. కుక్కలు పెంచేవాళ్ళంతా ఆదివారం పొద్దున్నే పార్కులో చేరతారు, వాళ్ళకి ఆయన పెద్ద. ఏ మాట మొదలుపెట్టినా "అడవిలో తోడేలు..." అనే మొదలుపెడతాడు. ఆయన కుక్క మాత్రం అడవిని టీవీలో కూడా చూసి ఉండదు, చలికాలం స్వెట్టర్ వేసుకుని వస్తుంది. ఆ మహానుభావుడు ఒకనాడు మా ఆయన్ని "అడవిలో తోడేలు బిస్కెట్లు తింటుందా బ్రదర్?" అని అడిగాడట. మా ఆయన ఇంటికి రావడం రావడమే సగం వాడిన డ్రై ఫుడ్ బస్తాని చెత్తబుట్టలో బోర్లించాడు. గుళికలు జలజలా రాలాయి. కింద పడ్డవి ఏరింది నేను.

కుక్కకి ఆయన ఏదో సింహంలాంటి పేరు పెట్టాడు గానీ ఇంట్లో అందరికీ అది అల్లుడే. ఆ పేరు మా అత్తగారిది. "వేళకి తింటాడు, తిని పడుకుంటాడు, తేడా వస్తే అలుగుతాడు. అల్లుడు కాక ఇంకెవడు?" అంటుంది. ఆవిడకి కూతుళ్ళు లేరు, ఆ ముచ్చట ఇలా తీరింది.

బిస్కెట్లు పోయి పచ్చి మాంసం వచ్చాక ఇంట్లోకి డీప్ ఫ్రీజర్ వచ్చింది, పైన మూత ఉండే పెద్ద పెట్టె. దాన్ని వెనక చిన్నగదిలో, కిటికీ కింద పెట్టారు. అక్కడ అంతకుముందు నా టేబుల్ ఉండేది. "నీకు టేబులెందుకు, వంటింట్లో గట్టు ఉందిగా" అన్నాడు ఆయన. టేబుల్ మెట్ల కిందకి పోయింది, దాని మీదకి పాత చెప్పులు చేరాయి. ఫ్రీజర్ పైన గోడకి ఒక చార్టు అంటించాడు. ఎనభై వంతులు మాంసం, పది వంతులు ఎముక, అయిదు వంతులు లివర్, అయిదు వంతులు మిగతా అవయవాలు. నాలుగు రంగుల పెన్నులతో, స్కేలు పెట్టి గీతలు గీసి రాశాడు. ఈ పచ్చి మాంసం పనిలో ఆయన వాటా అక్కడికి అయిపోయింది.

నేను పనిచేసేది జంతువుల ఆస్పత్రిలో, ముందు కౌంటర్ మీద. పేర్లు రాస్తాను, చీటీలు ఇస్తాను, వంతు దాటి దూరేవాళ్ళతో మాటలు పడతాను. మాంసం కొట్టు మా ఆస్పత్రి పక్కనే కాబట్టి తెచ్చేది నేనే, తెచ్చేది నేనే కాబట్టి నా జీతంలోంచే. శనివారం సాయంత్రం అయిదు కిలోలు మోసుకొస్తే ఆదివారం పొద్దున్న ఆరింటికి మొదలు. ఆయన అల్లుణ్ణి తీసుకుని పార్కుకి బయల్దేరేవాడు, నేను కత్తి తీసేదాన్ని. మాంసం చల్లగా ఉన్నప్పుడే కొయ్యాలి, వేళ్ళు కొంకర్లు పోతాయి. లివర్ చేతిలోంచి జారిపోతుంది. పట్టుకుంటే మెత్తగా నలుగుతుంది, వదిలేస్తే నేల మీద పడుతుంది. తూకం మీద ఒక్కో ముక్కా పెట్టి, పూటకో డబ్బా చొప్పున పద్నాలుగు డబ్బాలు నింపాలి. తర్వాత గట్టు, కత్తి, పీట, తూకం, నేల, వేడినీళ్ళతో ఒకసారి, మందు వేసి ఒకసారి. నడుము ఎత్తేసరికి పది. ఆయన వచ్చి మూత తీసిన డబ్బాలు రెండు చూసి, "లివర్ కొంచెం ఎక్కువైనట్టుందే" అనేవాడు. సోమవారం కౌంటర్ దగ్గర బుట్టల్లో ఉన్న పిల్లులు నా గోళ్ళు వాసన చూసి, నా మొహం వంక అదోలా చూసేవి. నేను వాటికి ఏమవుతానో వాటికే అర్థమయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే నాకు కళ్ళు తిరుగుతుంటే పరీక్ష చేయించుకున్నాను. రక్తం తక్కువుందన్నారు. ఆ కాగితం ఆయనకి చూపించాను. "ఏదన్నా తినొచ్చుగా" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. తినడం అంటే ఏమిటో, ఎంతో, ఏ వంతున తినాలో తెలిసిన మనిషి కదా, ఇంకో మాట చెబుతాడేమోనని కాసేపు నిలబడ్డాను. ఫోన్లో పార్కువాళ్ళ గ్రూపులో తోడేలన్నయ్య కిడ్నీ ముక్కల గురించి ఏదో పెట్టాడు. నేను కాగితం మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టాను.

పద్నాలుగో నెలలో ఎముక కొరుకుతూ అల్లుడు దవడ పన్ను విరగ్గొట్టుకున్నాడు. మా డాక్టరమ్మ పన్ను తీసేసింది. ఆవిడ చిన్న వయసే గానీ మాట నిదానం. "పచ్చి మాంసం పెడితే చచ్చిపోతుందని నేను అనడం లేదండీ. సరిగ్గా పెట్టడం కష్టం, శుభ్రం ఇంకా కష్టం. మీ ఇంట్లో పెద్దావిడ కీళ్ళకి గట్టి మందులు వాడుతున్నారని విన్నాను, ఆవిడ ఒంటికి ఆ క్రిములు అసలు పనికిరావు. మంచి డ్రై ఫుడ్‌లో వీడికి కావలసినవన్నీ ఉంటాయి" అంది.

"మీకు కంపెనీల వాళ్ళు చెప్పింది మీరు చెబుతున్నారు" అన్నాడు మా ఆయన. "అడవిలో తోడేలు..."

"అడవిలో తోడేలు ఎన్నేళ్ళు బతుకుతుందో కూడా మీ గురువుగారిని అడగండి."

బయటికి వచ్చాక ఆయన కోపం అంతా నా మీదకి తిరిగింది. "నువ్వు ఎముక పెద్దగా కోశావు. అందుకే ఇలా అయింది." డాక్టరమ్మ చెప్పింది నిజమేనని నేనంటే, "చీటీలు రాసేదానివి చీటీలు రాసుకో" అన్నాడు. ఆ మాట వరుసలో కూర్చున్న నలుగురూ విన్నారు. నేను తర్వాతి చీటీ రాశాను.

వారం తిరగకుండా అత్తగారికి వాంతులు, విరేచనాలు. మూడు రోజులు మంచం దిగలేదు. నేను సెలవు పెట్టి దుప్పట్లు మార్చాను. క్రిమి దేనివల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు, మా ఆయన మాత్రం వెంటనే తేల్చాడు. "చేతులు సరిగ్గా కడిగి ఉండవు."

చేతులు. ఆదివారం ఆదివారం వేడినీళ్ళలో మందులో నాని, వేళ్ళ సందులు పగిలి, రాత్రి నూనె రాసుకునే ఆ చేతులే. నేను వాటి వంక చూసుకున్నాను. ఆ శనివారం మాంసం కొట్టు దాటి వచ్చేశాను. డాక్టరమ్మ ఆస్పత్రి ధరకి ఇప్పించిన బస్తా తెచ్చాను. ఆవిడ చెప్పినట్టే ఫ్రీజర్లో మిగిలిన మాంసంలో మొదట గుప్పెడు గుళికలు, తర్వాత రెండు గుప్పెళ్ళు కలుపుకుంటూ పది రోజుల్లో మార్చేశాను. ఆయన పొద్దున్న ఏడింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. అల్లుడి రెండు పూటలూ ఆయన లేనప్పుడే, ఆదివారం ఇంట్లో ఉన్నా గిన్నె దాకా రాడు. అల్లుడు అడవినీ తోడేళ్ళనీ మూడు రోజుల్లో మర్చిపోయి కరకరా నమలడం మొదలుపెట్టాడు.

ఖాళీ అయిన ఫ్రీజర్ స్విచ్ తీసేశాను. కడిగాను, ఎండకి మూత తెరిచి ఉంచాను. కుదురుగా ఉంది. ఒకవైపు డ్రై ఫుడ్ బస్తా పెట్టాను. రెండోవైపు నా పుస్తకాలు పెట్టాను. ల్యాబ్ అసిస్టెంట్ కోర్సు పుస్తకాలు అవి. డాక్టరమ్మ దూరవిద్యలో ఫీజు కట్టించింది, పాసైతే కౌంటర్ మీంచి లోపల ల్యాబ్‌లోకి మారుస్తానంది. పెళ్ళి నాటికి నా చదువు పన్నెండో తరగతి దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత ఇంట్లో పుస్తకం పట్టుకుంటే ఎవరో ఒకరికి మంచినీళ్ళు గుర్తొచ్చేవి. ఈ ఇంట్లో ఎవ్వరూ తియ్యని మూత ఒక్కటే ఉంది, అందులో దాచుకున్నాను. ఆదివారం ఆరింటి నుంచి పదింటి దాకా ఫ్రీజర్ మూత మీదే నోట్సు పరుచుకుని చదివాను. గది అదే, కిటికీ అదే. టేబుల్ కొంచెం ఎత్తుగా వచ్చింది, అంతే.

మొదట కనిపెట్టింది అత్తగారు. ఆవిడ మంచం ఆ గోడకి ఆనుకునే ఉంటుంది. "రెండ్రోజుల్నుంచి ఆ పెట్టె గుర్రు వినపడట్లేదేమిటే? ఇంట్లో మావాడి గుర్రు ఒక్కటే మిగిలింది" అంటూ మోకాళ్ళు పట్టుకుని వచ్చింది. నేను ఆపేలోపే మూత ఎత్తింది. చూసింది.

"ఇదేంటే, కోడి తొడల చోట పుస్తకాలున్నాయి?"

"పరీక్ష ఉందత్తయ్యా."

ఆవిడ నన్ను చూసింది, బస్తాని చూసింది. లోపల ఏ లెక్క వేసుకుందో తెలియదు. "మూత గట్టిగా వెయ్యి. చీమలు పడతాయి" అని వెళ్ళిపోయింది.

అల్లుడి బొచ్చు నిగనిగలాడింది. "చూశావా, పచ్చి మాంసం మహిమ!" అని మా ఆయన రోజూ దాని వీపు నిమిరేవాడు. గ్రూపులో పెట్టడానికి గిన్నె ఫోటో పంపమనేవాడు. నా ఫోన్లో పాతవి ముప్పై దాకా ఉన్నాయి, వాటినే తిప్పి తిప్పి పంపేదాన్ని. అదే సొట్టగిన్నె, అదే పగిలిన టైలు. తోడేలన్నయ్య ఒకే ఫోటోకి మూడుసార్లు "ఇవాళ లివర్ రంగు అద్భుతం బ్రదర్" అని రాశాడు. అయిదు నెలలు ఇలా గడిచాయి. మోసమే, కాదనను. కానీ దాన్ని దాచడానికి నేను తాళం కూడా వెయ్యలేదు.

పరీక్షకి పదిహేను రోజులుందనగా ఆయన హుషారుగా వచ్చాడు. "ఆదివారం గ్రూపు మనింట్లో. నేను ఎలా కోస్తానో, ఎలా తూస్తానో చూపించమంటున్నారు."

"మీరు కోస్తారా?"

"అలాగని చెప్పానులే. నువ్వు అంతా తెచ్చి ఉంచు. ఒక్క ఆదివారమే కదా!"

అప్పుడూ ఇదే అన్నాడు. మొట్టమొదటి ఆదివారం కత్తి చేతికిస్తూ, "ఈ ఒక్కసారి నువ్వు చెయ్యి, పై వారం నుంచి నేను చూసుకుంటా" అన్నాడు. వారమంతా మథనపడ్డాను. పుస్తకాలు ఒక్కరోజు మెట్ల కిందకి చేర్చి, ఫ్రీజర్ నింపేస్తే ఎవరి పరువూ పోదు. శనివారం కొట్టు దాకా వెళ్ళి నిలబడ్డాను కూడా. మాంసం కొట్టాయన కత్తి నూరుతూ "ఏమ్మా, అల్లుడుగారు అలిగారా? అయిదు నెలలైంది కబురు లేదు!" అన్నాడు. ఊరంతటికీ తెలుసు, మూత తియ్యాల్సినాయనకి తప్ప. ఇవాళ నింపితే వచ్చే ఆదివారం ఖాళీ చెయ్యడానికి నాకు మళ్ళీ ఇంకో వాంతులు, ఇంకో పన్ను కావాలి. నేను సంచీ మడిచి ఇంటికి వచ్చేశాను.

గుమ్మంలో అత్తగారు నా ఖాళీ చేతులు చూసింది. "నింపవా?"

"నింపనత్తయ్యా."

"అయితే టీకి పాలు ఎక్కువ తెప్పించు. వచ్చేవాళ్ళకి మింగడానికి ఏదన్నా ఉండాలిగా" అంది.

ఆదివారం ఆరుగురు వచ్చారు. చిన్నగదిలో భుజాలు తగులుకుంటూ నిలబడ్డారు. మా ఆయన కొత్త ఏప్రన్ కట్టుకున్నాడు, కొత్త కత్తి పట్టుకున్నాడు. "ప్రతి ఆదివారం నాలుగు గంటలు నిలబడి కోస్తానండీ. ఆడవాళ్ళకి ఈ కొలతలు పట్టవు" అంటూ రెండో చేత్తో మూత ఎత్తాడు.

మూత చప్పుడు వినగానే ముందుగదిలోంచి అల్లుడు జారుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. అందరి కాళ్ళ మధ్య నుంచి దూరి, ఫ్రీజర్ ముందు బుద్ధిగా కూర్చుని తోక ఆడించాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తోడేలన్నయ్య వంగి ఒక పుస్తకం తీశాడు. అట్ట మీద రక్తకణాల బొమ్మ. "చెల్లెమ్మా, ఇదేంటి?"

"నాదండీ. అక్కడే పెట్టండి, పేజీ గుర్తు పోతుంది."

"మాంసం ఏదీ?" మా ఆయన పెట్టెలోకి వంగాడు.

"అయిదు నెలలుగా లేదండీ."

"మరి వీడేం తింటున్నాడు?"

నేను గిన్నె తెచ్చి బస్తాలోంచి ఒక గ్లాసుడు పోశాను. అల్లుడు తల దించాడు. ఆ కరకర గదంతా వినపడింది. పోయినవారమే తోడేలన్నయ్య వాడి డొక్కలు తడిమి "ఇదీ పచ్చి మాంసం తిన్న ఒళ్ళు" అన్నాడట. ఇప్పుడాయన చార్టు చదువుకుంటున్నాడు. వెనకాల ఒకాయన దగ్గు వచ్చినట్టు నవ్వాడు.

"నన్ను మోసం చేశావు" అన్నాడు మా ఆయన.

"ఒక్కరోజు మీరు మూత తీసి ఉంటే తెలిసేది."

గుమ్మం దగ్గర్నుంచి అత్తగారు అందుకుంది. "నీ మంచం దగ్గర్నుంచి ఎనిమిది అడుగులురా అబ్బాయ్. ఈ మోకాళ్ళతో నేనే నాలుగుసార్లు తీశాను."

వచ్చినవాళ్ళు టీ తాగకుండానే వెళ్ళిపోయారు. పాలు మిగిలాయి. ఆయన ఏప్రన్ విప్పలేదు, కత్తి కింద పెట్టలేదు. నేను తడిగుడ్డతో మూత తుడిచి, నోట్సు పరిచి, పెన్ను మూత తీశాను. గోడ మీది చార్టు చింపలేదు, వెనక్కి తిప్పి అంటించాను. వెనక అంతా తెల్లగా ఉంది, పరీక్ష తారీఖులు రాసుకోవచ్చు.

"పచ్చి మాంసమే పెట్టాలనుకుంటే పెట్టండి. కొయ్యడం మీకు వచ్చని చెప్పారుగా, కత్తి చేతిలోనే ఉంది. ఫ్రీజర్ మాత్రం ఇంకోటి చూసుకోండి, ఇది ఖాళీ లేదు" అన్నాను.

"నలుగురిలో నా పరువు తీశావు. నాకు ఎంత పోయిందో తెలుసా నీకు?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు, పరువు తూకం మీద పెట్టి ఎప్పుడూ చూడలేదు. నాకు పోయింది మాత్రం గ్రాముతో సహా తెలుసు. అరవై ఒక్క ఆదివారాలు. ఆదివారానికి నాలుగు గంటలు. రెండు వందల నలభై నాలుగు గంటలు.