మందు వేయని గుంట

పెద్దకడుబూరు దగ్గర భీమక్క చేనులో బోరు నీళ్లు ఉప్పెక్కి మూడేళ్లయింది. పత్తి మొలకలోనే మాడిపోతుంటే ఆమె, భర్త లక్ష్మప్ప కలిసి రెండు గుంటలు తవ్వించి, ఉప్పునీటిలోనూ బతికే పండుగప్ప చేపపిల్లల్ని వదిలారు.

చేపల జబ్బుల మీద పరిశోధన చేసే మనస్విని ఆదోని నుంచి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. సముద్రంలో దొరికే ఒక మేలుచేసే బ్యాక్టీరియాను సీసాల్లో పెంచి తెచ్చింది. మేతలో కలిపి పెడితే అది చేప కడుపులో చేరి, పుండ్ల జబ్బు తెచ్చే క్రిముల్ని ఎదగనివ్వదని చెప్పింది.

"ఒక గుంటకే పెడదామక్కా. రెండోదానికి మామూలు మేతే. తేడా తెలియాల కదా."

"అట్లే కానీమ్మా," అని భీమక్క కానుగచెట్టు పక్కనున్న గుంటను చూపించింది. నీడలో నిలబడి మేత చల్లొచ్చని, అంతే.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున మామూలు మేత వేసే ఎండవైపు గుంటలో చేపలు గట్టుకు వచ్చి, పక్కకు ఒరిగి ఈదుతున్నాయి. ఒకదాన్ని పట్టి తిప్పి చూస్తే పొట్ట మీద ఎర్రటి పుండు. భీమక్క ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా మనస్విని ఆటోలో వచ్చి దిగింది.

"తేడా తెలిసిపాయ గదమ్మా! ఇంక దీనికీ పెట్టు."

మనస్విని సీసాలో మందు మేతలో కలిపి చల్లింది. ఒక్క చేపా నోరు తెరవలేదు. మేత మెల్లగా అడుక్కు దిగిపోయింది.

"జబ్బు చేసిన చేప మేత ముట్టదక్కా. ఇది ముందే లోపలికి పోయుండాల."

"నీళ్లల్లో పోసెయ్ తల్లీ!"

ఉన్న సీసాలన్నీ గుంటలో పోసింది. పనిచేస్తుందని మాత్రం అనలేదు.

మూడు రోజుల పాటు లక్ష్మప్ప వలతో చచ్చిన చేపల్ని తీసి, గొయ్యిలో సున్నం చల్లి పూడ్చాడు. నాలుగో రోజు తీయడానికి ఏమీ మిగల్లేదు. కానుగచెట్టు గుంటలో మాత్రం చేపలు చెంగున ఎగురుతున్నాయి.

"తప్పు నాదక్కా," అంది మనస్విని, కళ్లు తుడుచుకుంటూ.

తిట్టాలనే ఉంది భీమక్కకు. ఏమని తిట్టాలి? "ఏలు పెట్టి సూపించింది నేను గదమ్మా," అంది.

అప్పుడే పక్క చేను సుంకప్ప గట్టెక్కి వచ్చాడు. అతనికీ ఒక గుంట ఉంది. "ఆ మందు బాగా పనిచేసిందంట గదక్కా? నాకూ ఇప్పీ."

"ఔనప్పా, పనిచేసింది," అని భీమక్క ఖాళీ అయిన గుంట వైపు వేలు చూపించింది.