గట్టవతలి బంతిపూలు

చామంతులు కోస్తూనే మైసమ్మ ఓ కన్ను గట్టవతల వేసి ఉంచింది. అది తోటికోడలు సారమ్మ తోట. బంతిపూలు మొక్కమీదే ముదిరి నల్లబడుతున్నాయి. కోతకొచ్చిన పూలను అలా వదిలేశారంటే ఏమనుకోవాలి? భూమి అమ్మేశారన్నమాటే! సురంగల్‌లో చేను దొరికితే చాలని వెంచర్లవాళ్లు కాచుక్కూర్చున్నారాయె. ఇద్దరికీ ఉమ్మడి బోరు సారమ్మ వైపే ఉంది. ఆ భూమి పోతే నీళ్లు పోతాయి, నీళ్లు లేకపోతే మైసమ్మ అరెకరం పూలతోట ఎండిపోతుంది. భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆధారం అదొక్కటే.

సన్నటి మనిషి. పుదీనా తుంచి తుంచి బొటనవేలి గోరు పచ్చబడిపోయింది, ఎంత తోమినా వదలదు. సారమ్మతో మాటల్లేక ఏళ్లయింది. దున్నినప్పుడల్లా గట్టు జరుపుతోందని ఈమె అనుమానం. జరిపిందో లేదో దేవుడికెరుక, పొద్దున్నే ఆ గట్టును ఓసారి గుర్రుగా చూడనిదే ఈమె మొహం కడగదు.

పూలగంప ఎక్కించుకోవడానికి ఆటో తెచ్చిన యాదగిరి మాట కదిపి చూశాడు. "అవ్వా, సారమ్మోళ్లింటికి పోయినారం తెల్లకారు వచ్చె గదా..."

"చూసిన తియ్. బ్రోకరుగాడే. రిజిస్టరు చేపియ్యనీకె పట్నం తోల్కవోయిండు."

"కాదవ్వా, ఆమెకు..."

"ఆమె ముచ్చట నా ముంగట తియ్యకు! గంప మంచిగ వెట్టు, పూలు నలుగుతయ్."

యాదగిరి గంప సర్ది ఆటో ఎక్కాడు. మైసమ్మ ముందు ఎవరి మాటైనా సగంలో ఆగాల్సిందే.

మొయినాబాద్ దగ్గర, చేవెళ్ల రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి కూర్చుంది. కార్లు ఆగుతున్నాయి, గీచిగీచి బేరమాడి పోతున్నాయి. ఆమె చేతులు పుదీనా కట్టలు కడుతున్నాయి గానీ ధ్యాసంతా బోరు మీదే. రేపు సారమ్మను నలుగురిలో నిలబెట్టి కడిగిపారెయ్యాలి. ఏమేం తిట్టాలో అప్పుడే నోట్లో నూరుకుంటోంది.

పొద్దు వాలుతుండగా సారమ్మ కొడుకు శ్రవణ్ బండి ఆపి ఎదురుగా నిలబడ్డాడు. భూమి సంగతి చెప్పడానికే వచ్చాడనుకుని మైసమ్మ నడుం నిటారు చేసింది.

"చామంతులన్ని ఇయ్యి, పెద్దమ్మా."

చేతిలో ఉన్న నోట్లన్నీ ముందు పెట్టాడు. ధర అడగలేదు. చావింటికి పూలు కొనేవాళ్లు బేరమాడరు. ఇన్నేళ్లుగా అమ్ముతున్న మైసమ్మకు ఆ సంగతి వేరే చెప్పాలా?

"ఎవరికిరా?"

"అమ్మకు. పుదీనా కోస్తుంటె కూలవడ్డది, కార్ల దవాఖానకు తోల్కవోయినం. వారం సంది ఆడ్నే ఉండె. పొద్దుగాల పానం వోయింది. మా బంతిపూలు కోసెటోళ్లు లేక ఖరాబైనయ్. నీ దిక్కు నీళ్లు ఎన్నడు బంద్ వెట్టొద్దన్నది పెద్దమ్మా. ఆఖరికి అదే చెప్పింది."

నూరుకున్న తిట్లన్నీ తిరిగి మైసమ్మకే తగిలాయి. సిగ్గుతో, దుఃఖంతో భోరుమంది. నోట్లు అతని జేబులోనే కుక్కి, గంప ఎత్తుకుని బండెక్కింది.

"ఈ పూలు సరిపోవురా. తోటకాడ దింపు, ఇంకిన్ని కోస్త."

తోట దగ్గర దిగింది గానీ చామంతుల్లోకి పోలేదు. గట్టు దాటి సారమ్మ వైపు దిగింది. బంతిసాళ్ల వెనక, సారమ్మ పుదీనా కోస్తూ కోస్తూ కూలబడిన చోట సగం వరస అలాగే మిగిలిపోయింది. కోసినంత మేర మొదళ్లకు చిన్న చిన్న చిగుళ్లు వచ్చాయి. వాటి మధ్య కొడవలి పడి ఉంది, పిడికి చుట్టిన చీరపేలిక మైసమ్మ తోటకు పారుతున్న బోరునీళ్లకు నానుతోంది.