పానా మాస్టారి నిబంధనలు

వాషింగ్ మెషీన్ అద్దం తలుపు వెనక బట్టలు మురికినీళ్ళలో మునిగి ఉన్నాయి. నీళ్ళు పోతేగానీ తలుపు తెరుచుకోదు. వెనక బాల్కనీలో దాని ముందు చతికిలబడి, ఆదివారం పూట ఇదొక భాగోతం అనుకుంది ఆమె. పొద్దున్నే హాల్లోకి వెళ్ళి, "నీళ్ళు పోవట్లేదండీ, ఒక్కసారి చూస్తారా?" అని అడిగింది కూడా. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఇది కూడా తెలియదా? బుర్ర ఉంటే వాడు, లేకపోతే ఊరుకో" అన్నాడు. వారమంతా మెషీన్లు బాగుచేసే మెకానిక్కే ఆయన. ఊళ్ళోవాళ్ళ మెషీన్లు.

పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. పెళ్ళైన కొత్తలో ఆమె ఏడిస్తే అత్తగారు వీపు నిమిరి, "వాడి నోరే అంతమ్మా, మనసు వెన్న. మెత్తగా మాట్లాడటం వాడికి చేతకాదు" అంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. చేతకాని మనిషి మీద కోపమేమిటని తనకు తానే సర్దిచెప్పుకుంది. చుట్టాల ముందు "దీనికి ఏదీ ఒక్కసారి చెబితే ఎక్కదు" అని ఆయన అన్నప్పుడు కూడా అందరితో పాటు నవ్వేసింది.

ఆఫీసులో పక్క సీటావిడ చెప్పిన రిపేర్ల ఫోరం గుర్తొచ్చింది. ఫోనులో తెరవగానే పైన నిబంధనలు. "ఎంత చిన్న సందేహమైనా ఎగతాళి చేయకండి. ఎదుటివారు చెప్పింది పూర్తిగా చదివాకే జవాబివ్వండి. 'ఇది కూడా తెలియదా' అన్న మాట ఇక్కడ నిషిద్ధం. సమస్య తీరాక ఆ సంగతి రాయండి, రేపు ఇంకొకరికి పనికొస్తుంది." కింద 'పానా మాస్టారు' అని సంతకం. ఎవరో పుణ్యాత్ముడు అనుకుంది. 'కొత్తావిడ' అని పేరు పెట్టుకుని, మెషీన్ ఫోటో తీసి, ఏం శబ్దం వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో వివరంగా రాసింది.

పది నిమిషాల్లో ఆ మాస్టారే జవాబిచ్చాడు. "చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. కంగారు పడకండి, ఇది మీరే చేసుకోగలరు. ముందు ప్లగ్ తీసేయండి. కింద చిన్న మూత ఉంటుంది..."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. తనతో ఎవరైనా ఇలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"ఏయ్, ఇలా రా!" హాల్లోంచి కేక. వెళ్ళింది. ఆయన ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. "చూడు, ఎవరో కొత్తావిడ. ఎంత ఒద్దికగా, వివరంగా అడిగిందో! నువ్వూ ఉన్నావు, ఎందుకూ? నేను జవాబు కూడా రాసేశాను. చూసి నేర్చుకో."

ఫోటోలో తమ మెషీనే. పక్కన చెవి విరిగిన తమ నీలం బకెట్. అద్దం వెనక ఆయన గళ్ళ చొక్కా. ఈ ఇంట్లో దిగి తొమ్మిదేళ్ళు, ఒక్కనాడైనా బాల్కనీలో అడుగుపెడితే కదా గుర్తుపట్టడానికి!

చేతకాకపోవడమేమిటి? "అమ్మా" అనడం వచ్చు. "కంగారు పడకండి" అనడం వచ్చు. పదిమందికి నిబంధనలు రాసిపెట్టేంత బాగా వచ్చు. ముక్కూమొహం తెలియని మనిషికి ధారాళంగా ఇచ్చే మాటను, ఇంట్లో ఉన్న తనకు పందొమ్మిదేళ్ళుగా తెలిసే ఇవ్వలేదు.

బాల్కనీలోకి వచ్చింది. ప్లగ్ తీసి, మూత తిప్పి, పళ్ళెంలోకి కొంచెం కొంచెంగా నీళ్ళు వదిలి బకెట్లో పోసింది. అడ్డుపడింది ఒక పెన్ను మూత. దాని నిండా పంటిగాట్లు. అరచేతిలో పెట్టి ఫోటో తీసింది. నిబంధన ప్రకారం రాసింది: "సమస్య తీరింది. అడ్డుపడింది మా వారు కొరికిన పెన్ను మూత."

హాల్లో ఫోను టింగుమంది. ఆ వెంటనే బాల్కనీ గుమ్మంలో ఆయన. మొహాన నెత్తురుచుక్క లేదు.

"నువ్వా? ఈమాత్రం దానికి నాతో చెప్పి ఏడవొచ్చుగా!"

"పొద్దున చెప్పాను," అంది ఆమె, గళ్ళ చొక్కా పిండుతూ. "ఇకమీదట నాతో మాట్లాడాలంటే, నేనూ ఎవరో కొత్తావిడననుకుని మాట్లాడండి. అందాకా నా దగ్గర్నుంచి జవాబు రాదు."