దిగేటప్పటి కొండ

"నడీన్, దువ్వెన," అన్నాడు రసెల్, కాలు చాపి నా ముందు పెడుతూ. చోయా అనే ఎడారి జెముడు ముళ్ళ బంతి ఒకటి అతని పిక్కకి అంటుకుంది. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది కాబట్టి అందరం దువ్వెన పళ్ళతోనే ఎగరగొడతాం. పెళ్ళయినప్పటి నుంచీ ఆ దువ్వెన నా సంచిలోనే ఉంటోంది. మిగిలిపోయిన ముళ్ళు పీకే పటకారు, ఇద్దరి తిండి, అతనికి చాలకపోతే ఇవ్వడానికి ఇంకో సీసా నీళ్ళు కూడా. అతను ముందు నడుస్తాడు కనుక అతని సంచి తేలిగ్గా ఉండాలి. "వాడు నిన్ను వెంట తీసుకెళ్తున్నాడు, సంతోషించు. మా ఆయన నన్ను కారు కూడా దిగనిచ్చేవాడు కాదు," అనేది మా అత్తగారు వెర్నా. సంతోషించాను కూడా. కొండలంటే నాకు పిచ్చి. ఆ పిచ్చి కోసం పొద్దున్నే లేచి బీన్స్ ఉడికించి రొట్టెల్లో చుట్టడం చాలాకాలం నాకు కష్టమనిపించలేదు.

ముల్లు ఊడగానే అతను లేచి ముందుకు కదిలాడు.

ఈ కొండకి బాట లేదు. ఎండిన వాగు పట్టుకుని లోపలికి పోయి, ఒక చీలికలోంచి చేతులూ కాళ్ళూ వాడుతూ ఎక్కాలి. ఎక్కేటప్పుడు రసెల్ శిఖరం తప్ప ఇంకేదీ చూడడు. నేను ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూస్తాను. ఎక్కేటప్పుడు కనబడే కొండ వేరు, దిగేటప్పుడు కనబడే కొండ వేరు. పైనుంచి చూస్తే చీలికలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒకటి కిందికి చేరుస్తుంది, పక్కది నిలువు గోడ అంచున వదిలేస్తుంది. నేను ఆగినప్పుడల్లా "ఫొటోలు చాలు, రా" అంటాడు. ఫొటోలు కావని చెప్పడం ఎప్పుడో మానేశాను.

మాతో డొలోరెస్ కూడా వచ్చింది. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేది, ఇప్పుడు మా క్లబ్బులో ఏ కొండకి ఎవరు నడిపించాలో చూస్తుంది. శిఖరం మీద నారింజ ఒలుస్తూ, "శనివారం మనవాళ్ళని ఇక్కడికి తేవాలి. నడీన్, ఈసారి నువ్వు నడిపించకూడదూ?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచేలోపే రసెల్ నవ్వాడు.

"తనకి దారెక్కడ తెలుసు డొలోరెస్? నా వీపు చూసుకుంటూ వస్తుందంతే."

ఒళ్ళు మండింది. ఎగతాళి అయితే దులిపేసుకునేదాన్ని. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు.

దిగుతూ రెండు చీలికలు విడిపోయే చోటికి వచ్చాం. ఎడమదాని మొదట్లో ఎవరో దారి గుర్తుగా రాళ్ళు పేర్చి పెట్టారు. రసెల్ అటు తిరిగాడు.

"అది కాదు," అన్నాను. "మనం కుడిదాంట్లోంచి ఎక్కాం. అదిగో, తెల్లచార బండ."

"గుర్తురాళ్ళు కనబడట్లేదా?"

"దారి తప్పినవాళ్ళు కూడా పేరుస్తారు రసెల్."

"మొదలుపెట్టకు. ఎండ ముదురుతోంది."

ఇదివరకైతే ఊరుకునేదాన్ని. తప్పని తెలిసిన దారిలోనే వెంట దిగి, అతను ఆగిపోయాక మళ్ళీ వెంట ఎక్కి, "పర్లేదులే" అనేదాన్ని. నా మోకాళ్ళు అరగదీసుకుని ఎన్నిసార్లు అతని పరువు కాపాడానో నాకే తెలుసు. ఈసారి సంచి దించి, అతని నీళ్ళూ తిండీ పటకారూ తీసి చేతిలో పెట్టాను.

"నీవి నీ దగ్గరుంచుకో. నేను కుడిపక్క దిగుతున్నా. అటు దారి లేకపోతే వెనక్కొచ్చెయ్, కింద వాగులో ఉంటా."

డొలోరెస్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా వెనక నడిచింది.

ముందు ఎవరి వీపూ అడ్డం లేకపోతే కొండ ఎంత విశాలంగా ఉంటుందో అప్పుడు చూశాను. భయం వేయలేదు. పొద్దున చూసి పెట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. ఎక్కడా తడుముకోలేదు.

వాగులో మెస్కీట్ చెట్టు నీడన తినడం అయిపోయాక కూడా చాలాసేపటికి పైన రాళ్ళు దొర్లాయి. రసెల్ కుడి చీలికలోంచే దిగి వచ్చాడు. మోచేతులు గీరుకుపోయాయి.

"అటు అంతా గోడే," అన్నాడు, దాన్ని ఎవరో అప్పటికప్పుడు కట్టినట్టు.

జాలేసింది. అయినా "పర్లేదులే" అనలేదు.

డొలోరెస్ నావైపే చూస్తూ, "మరి శనివారం?" అంది.

రసెల్ గొంతు సవరించుకున్నాడు.

"నేను నడిపిస్తాను," అన్నాను. "రసెల్ కూడా వస్తాడు. అందరి వెనకా నడుస్తూ కనిపెట్టుకుని ఉండడానికి ఒకరు కావాలి. అదేం తేలిక పని కాదు, నేర్పుతాను."